చచ్చిపోయిందనుకున్న ఇన్వర్టర్ బ్యాటరీకి మళ్ళీ ఛార్జింగ్ ఎక్కించడం ఎట్టా

కరెంటు లైను రాని చోట, అంటే రొయ్యల గుంటల కాడ కాపలా షెడ్డో, నిమ్మతోటలో రూమో, పామూరు కనిగిరి వైపు మెట్ట పొలంలో కట్టుకున్న ఇల్లో, సోలార్ ప్యానెల్ బ్యాటరీ ఇన్వర్టర్ మీదే నడిచే చోట్ల ప్రతి ఏడూ కార్తీక మాసం అటూ ఇటూ ఒకే కంప్లైంట్ వింటుంటాం. వాన పట్టుకుంటది, నాలుగైదు రోజులు ఎండ మొహమే కనపడదు, లైట్లు ఫ్యాను ఫోన్ ఛార్జింగులు మాత్రం ఆగవు, చివరికి ఇన్వర్టర్ కీచుమని అరిచి అరిచి ఆగిపోద్ది. సరే ఎండ వస్తే అదే ఎక్కుద్దిలే అనుకుంటే ఎండ వచ్చినాక కూడా ఎక్కదు, స్క్రీన్ మీద బ్యాటరీ బొమ్మే ఉండదు, లేకపోతే ఎర్ర లైటు మిణుక్కుమంటా ఉంటది. కొట్టుకి ఫోన్ చేస్తే చూడకుండానే "బ్యాటరీ పోయింది, కొత్తది వేసుకోండి" అంటారు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు జిల్లా అంతా వానలో నానిపోయింది గదా, అట్టాంటి వారం తర్వాత ఈ మాట ఇంకా జాస్తిగా వినపడతది.

నేను చెప్పేది ఏందంటే, బ్యాటరీ పోవడం వేరు, మన మెషీన్‌కి బ్యాటరీ కనపడకపోవడం వేరు. ఛార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీకి పోయే కరెంటుని అదుపు చేసే పెట్టె) గానీ ఇన్వర్టర్ గానీ ముందు బ్యాటరీ వోల్టేజ్ చూస్తది, అది ఒక గీత కన్నా కింద ఉంటే "ఇక్కడ బ్యాటరీ లేదు" అనుకుని ఛార్జింగే మొదలుపెట్టదు. 12 వోల్టుల సిస్టంలో చాలా మెషీన్లకి ఆ గీత 8 నుంచి 10 వోల్టుల మధ్యన ఉంటది. బ్యాటరీకి ఇంకా ప్రాణం ఉన్నా దాన్ని ఆ గీత దాటించే దిక్కు లేక మూలన పడేస్తారు. ఆ గీత దాటించి, తర్వాత తొందరపడకుండా తక్కువ ఆంప్స్‌తో, అంటే తక్కువ కరెంటుతో, నింపుకుంటా పోతే చాలా బ్యాటరీలు లేస్తాయి. అన్నీ లేవవు, ఏది లేవదో కూడా మధ్యలోనే తెలిసిపోద్ది, అది కూడా చెప్తా. ఇదంతా సీసం ఆసిడ్ బ్యాటరీలకి, లిథియం సంగతి చివర్లో విడిగా చెప్తా.

ముందుగా ఒక డౌటు తీర్చేస్తా. ఇన్వర్టర్ 10.5 దగ్గర కట్ అవుద్ది గదా, మరి బ్యాటరీ 7కో 8కో ఎందుకు పడిపోద్ది అని అడుగుతారు. కట్ అయ్యేది లోడు మాత్రమే. ఇన్వర్టర్ లోపల బోర్డు, స్క్రీన్, కంట్రోలర్, వీటికి కొంచెం కొంచెం కరెంటు పోతానే ఉంటది. కొంతమంది డీసీ బల్బు ఒకటి డైరెక్టుగా బ్యాటరీకే కట్టేసి ఉంటారు, దానికి ఏ కటాఫూ ఉండదు. అట్టా మూడు నాలుగు రోజులు పీల్చుకుంటా ఉంటే ఏ బ్యాటరీ అయినా అడుగంటుద్ది. అడుగంటిన బ్యాటరీని అట్టానే వదిలేస్తే లోపల సీసం ప్లేట్ల మీద సల్ఫేట్ (ఉప్పు లాంటి పొర) గట్టిపడతది, ఒకటి రెండు రోజుల్లో అయితే మెత్తగా ఉంటది కాబట్టి ఛార్జింగ్‌కి కరిగిపోద్ది, వారాలు నెలలు అయితే గట్టి పలుకులు కట్టుద్ది, అప్పుడు లేపడం కష్టం. అందుకే వాన వెలిసిన రోజే పని మొదలుపెట్టండి, పండగ అయినాక చూద్దాంలే అనబాకండి.

ఇప్పుడు పని. ఒక మల్టీమీటర్ కావాల, నెల్లూరులో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుద్ది, ఖరీదైనది అక్కర్లేదు. డీసీ ఆంప్స్ చూపించే క్లాంప్ మీటర్ కూడా ఉంటే ఇంకా మంచిది. నీళ్ళు పోసే ట్యూబులర్ బ్యాటరీ అయితే హైడ్రోమీటర్ (ఆసిడ్ చిక్కదనం చూసేది) ఒకటి, డిస్టిల్డ్ వాటర్, కళ్ళద్దాలు, రబ్బరు గ్లౌజులు, అర కిలో వంట సోడా. చేతికి ఉంగరం, కడియం, వాచీ ఉంటే తీసేయండి. స్పానర్ రెండు టెర్మినల్స్‌కీ ఒకేసారి తగిలితే ఏమవుద్దో చూసినోళ్ళకి తెలుసు, ఉంగరం అయితే వేలితో సహా కాలుద్ది. అడుగంటిన బ్యాటరీ కాబట్టి ఏం కాదులే అనుకోబాకండి, పక్కన సిరీస్‌లో (దీని ప్లస్‌కి దాని మైనస్ కలిపి) ఉండేది మంచిదే అయి ఉండొచ్చు.

విప్పేదానికి ఒక వరస ఉంది. ముందు లోడ్లు ఆఫ్, తర్వాత ప్యానెల్ వైపు ఎంసీబీ (ట్రిప్ స్విచ్) ఆఫ్, ఆ తర్వాతే బ్యాటరీ వైరు. ఈ వరస తప్పి ప్యానెల్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ వైరు పీకితే కంట్రోలర్‌కి ప్యానెల్ వోల్టేజ్ ఒక్కటే తగులుద్ది, కొన్ని ఎంపీపీటీ రకం కంట్రోలర్లు దానికే పోతాయి. తిరిగి పెట్టేటప్పుడు దీనికి రివర్స్, ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్, చివర్లో లోడు. బ్యాటరీ దగ్గర ముందు మైనస్ విప్పండి, పెట్టేటప్పుడు మైనస్ చివర్లో పెట్టండి.

అన్నీ విప్పి గంటసేపు వదిలేసి, ప్రతి బ్యాటరీకి విడివిడిగా వోల్టేజ్ చూడండి. ఇది ముఖ్యం. 24 వోల్టుల సిస్టం అంటే రెండు బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి, మొత్తం చూసి మోసపోతారు. ఉదాహరణకి రెండూ కలిపి 19.6 చూపించింది అనుకోండి, సగం చేస్తే 9.8, రెండూ ఒకేలా అడుగంటాయి అనుకుంటాం. విడిగా చూస్తే ఒకటి 11.4, ఇంకోటి 8.2 అని తేలుద్ది. మొదటిదానికి పెద్ద జబ్బేం లేదు, రెండోదే జబ్బు మనిషి, అది మొదటిదాన్ని కూడా కిందకి లాగుతా ఉంది. ఈ రెండిటినీ సిరీస్‌లోనే ఉంచి ఛార్జింగ్ పెడితే మంచిది ముందే నిండి ఉడికిపోద్ది, జబ్బుది నిండకుండానే ఛార్జర్ "ఫుల్" అని ఆగిపోద్ది. అందుకని విడదీసి ఒక్కోదాన్నీ 12 వోల్టుల బ్యాటరీగానే ఛార్జ్ చెయ్యాల.

రీడింగులు ఎట్టా చదవాలంటే, ఏ లోడూ లేకుండా 12.5 నుంచి 12.7 దాకా ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.8 అంటే అయిపోవచ్చినట్టు. లోడు లేకపోయినా 10.5 కన్నా కింద ఉంటే అడుగంటినట్టే. 8 నుంచి 10.5 మధ్యన ఉండేవి లేచే అవకాశం బాగా ఉంటది. 5 కన్నా కింద ఉంటే చాలాకాలం అట్టానే పడి ఉందనో లోపల ఉండే ఆరు సెల్లుల్లో (గదుల్లో) ఒకటి షార్ట్ అయిందనో అనుమానించాల, ప్రయత్నించొచ్చు గానీ ఆశలు పెట్టుకోబాకండి. బ్యాటరీ ఉబ్బి ఉన్నా, పగిలి కారతా ఉన్నా, మీటర్ మైనస్‌లో చూపించినా ఇంక దాని జోలికి పోవద్దు.

ఇంకో చిక్కు, ఆటో 12/24 అని రాసి ఉండే కంట్రోలర్లది. అది స్టార్ట్ అయ్యేటప్పుడు వోల్టేజ్ చూసి సిస్టం 12దా 24దా అని తనే తేల్చుకుంటది. 24 వోల్టుల జత 16కో 17కో పడిపోయి ఉంటే "ఓహో ఇది 12 వోల్టులది" అనుకుని 14.4 దాకా మాత్రమే పంపించాలని చూస్తది, బ్యాటరీ అప్పటికే 16 ఉంది కాబట్టి ఫుల్ అని చూపిస్తా కూర్చుంటది. ప్యానెల్ మీద ఎండ కాస్తా ఉంటది, బ్యాటరీ ఖాళీగా ఉంటది, కంట్రోలర్ మాత్రం నవ్వుతా పచ్చ లైటు చూపిస్తది. సెట్టింగుల్లో ఆటో తీసేసి 24 అని ఫిక్స్ చేసుకునే వీలుంటే అట్టా చేసెయ్యండి, ఈ తలనొప్పి మళ్ళీ రాదు.

ఛార్జింగ్‌కి ముందు నీళ్ళు చూడండి. మూతలు తీసి టార్చి వేస్తే ప్లేట్లు కనపడతాయి. ప్లేట్లు మునిగి ఉంటే ఇప్పుడు ఏం పొయ్యబాకండి, లెవెల్ తక్కువున్నా సరే. అడుగంటిన బ్యాటరీలో లెవెల్ కిందకి దిగి ఉంటది, ఛార్జింగ్ ఎక్కేకొద్దీ పైకి వస్తది, ముందే నిండా పోస్తే ఆసిడ్ పొంగి పైన టెర్మినల్స్ అన్నీ తినేస్తది. ప్లేట్లు బయటికి తేలి ఉంటే మాత్రం అవి మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోసి, మిగతాది ఫుల్ ఛార్జ్ అయినాక పొయ్యండి. మినరల్ వాటర్ క్యాన్ నీళ్ళు, ఏసీ నుంచి కారే నీళ్ళు, ఇంట్లో ఆర్వో నీళ్ళు, ఇవేవీ వద్దు. బోరు నీళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు మనుషులకే పడవు, బ్యాటరీకి ఎట్టా పడతాయి. ఆసిడ్ అసలు పొయ్యబాకండి, ఇది గట్టిగా చెప్తున్నా. హైడ్రోమీటర్ పెడితే 1100, 1120 అని చూపిస్తది, "ఆసిడ్ అయిపోయిందన్నా, కొత్త ఆసిడ్ పోద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. ఆసిడ్ ఎక్కడికీ పోలేదు, ప్లేట్లలో సల్ఫేట్ అయ్యి కూర్చుని ఉంది, ఛార్జింగ్ ఎక్కితే తిరిగి నీళ్ళలోకి వస్తది. పైనుంచి ఇంకా పోస్తే తర్వాత మోతాదు మించి ప్లేట్లనే తింటది.

ఇక గీత దాటించే పని. మూడు దార్లు ఉన్నాయి.

మొదటిది, జనరేటర్ గానీ దగ్గర్లో కరెంటు గానీ ఉంటే, వోల్టేజ్ చూడకుండా ఆంప్స్ మనమే తిప్పి పెట్టుకునే పాత రకం ఛార్జర్. బ్యాటరీ కొట్ల కాడ ఉంటది, నాబ్ తిప్పితే ముల్లు కదిలే పెట్టె. స్మార్ట్ ఛార్జర్లు ఈ పనికి పనికిరావు, వాటిక్కూడా ముందు బ్యాటరీ కనపడాల. 150 ఏహెచ్ (బ్యాటరీలో ఎంత పడుద్దో చెప్పే లెక్క, దాని మీదే రాసి ఉంటది) బ్యాటరీకి 3 నుంచి 5 ఆంప్స్ మాత్రమే పెట్టి వదిలెయ్యండి. 15 పెట్టే కెపాసిటీ ఉంది గదా, తొందరగా అయిపోద్ది గదా అని ఎక్కువ పెట్టబాకండి.

ఇక్కడ ముల్లు చేసే తమాషా చూడాల్సిందే. సల్ఫేట్ పట్టిన బ్యాటరీకి ఛార్జర్ పెట్టగానే వోల్టేజ్ జర్రున 15కో 16కో లేచిపోద్ది, ఆంప్స్ మాత్రం ఒకటి కూడా పోదు. చాలామంది ఇక్కడే "ఫుల్ అయిపోయింది" అనో "తీసుకోవట్లేదు, పోయింది" అనో తీసేస్తారు. రెండూ కాదు. ఉప్పు తేలిన చౌడు మడికి మొదటి తడి పెడితే నీళ్ళు పైనే నిలబడతాయి, నానేకొద్దీ లోపలికి దిగుతాయి గదా, ఇదీ అంతే. వోల్టేజ్ 16 దాటకుండా, మూత తియ్యడానికి లేని బ్యాటరీ అయితే 14.4 దాటకుండా, నాబ్ తగ్గించి పెట్టి గంటకోసారి వచ్చి చూస్తా ఉండండి. కాసేపటికి ఆంప్స్ అర, ఒకటి, రెండు అని పెరుగుతా ఉంటది, అదే సమయానికి వోల్టేజ్ కిందకి దిగుతా 12.5 దగ్గరికి వస్తది. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ వోల్టేజ్ తగ్గుతుంటే కంగారుపడబాకండి, సల్ఫేట్ కరుగుతా ఉందని అర్థం. కొన్నిటికి ఇది రెండు మూడు గంటల్లో జరుగుద్ది, కొన్నిటికి రాత్రంతా పడుద్ది. రోజంతా పెట్టినా ఆంప్ కూడా పోకపోతే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవచ్చు.

దీనికి సరిగ్గా ఆపోజిట్ కేసు ఒకటుంటది. పెట్టగానే ఆంప్స్ బ్రహ్మాండంగా పోతా ఉంటాయి, వోల్టేజ్ మాత్రం 10 దగ్గరో 10.5 దగ్గరో ఆగిపోయి ఎన్ని గంటలైనా కదలదు, బ్యాటరీలో ఒక పక్క చెయ్యి పెడితే వేడిగా తగులుద్ది. ఆరు సెల్లుల్లో ఒకటి షార్ట్ అయిందన్నమాట, ఒక్కో సెల్లు రెండు వోల్టులు కాబట్టి లెక్క సరిపోద్ది. మూతలు తీసి చూస్తే మిగతా ఐదింట్లో బుడగలు వస్తుంటాయి, అందులో రావు. అది ఇంక లేవదు, వెంటనే ఆపెయ్యండి.

రెండో దారి, కరెంటూ లేదు, ఆ పాత ఛార్జరూ లేదు, గుంట కాడ ట్రాక్టర్ ఉంది. ట్రాక్టర్ బ్యాటరీ 12 వోల్టులదే కాబట్టి దాన్ని ప్యారలల్‌గా కట్టి మన బ్యాటరీని గీత దాటించొచ్చు. ట్రాక్టర్ ఇంజిన్ ఆఫ్‌లోనే ఉండాల. ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్, మధ్యలో 30 ఆంప్స్ ఫ్యూజ్ ఒకటి, చివరి మైనస్ క్లిప్పు ట్రాక్టర్ బ్యాటరీ మీద కాకుండా కొంచెం ఎడంగా ఛాసిస్ మీద పెడితే నిప్పురవ్వ వచ్చినా గ్యాస్ దగ్గర రాదు. అరగంట వదిలేస్తే మన బ్యాటరీ 11 దాటుద్ది, వైర్లు వేడెక్కుతున్నాయేమో పట్టుకుని చూస్తా ఉండండి. అప్పుడు మన కంట్రోలర్‌కి బ్యాటరీ వైర్లు పెట్టి, ప్యానెల్ ఎంసీబీ వేసి, ఛార్జింగ్ మొదలైంది అని స్క్రీన్ మీద కనపడినాక ట్రాక్టర్ క్లిప్పులు తీసెయ్యండి, ఛాసిస్ వైపు మైనస్ ముందు తియ్యాల. 24 వోల్టుల సిస్టం అయితే రెండిటికీ విడివిడిగా ఇదే పని చేసి, రెండూ 11 దాటినాక సిరీస్ లింకు పెట్టుకోండి. పొద్దున 9, 10 గంటలకి, ఎండ ముదిరేటప్పుడు చేస్తే సుఖం, సాయంత్రం చేస్తే ఛార్జింగ్ ఎక్కే టైమే ఉండదు.

మూడోది నాకు బాగా నచ్చినది, చిన్న ప్యానెల్ డైరెక్టుగా కట్టడం. 100 వాట్ల 36 సెల్లుల ప్యానెల్, అంటే వెనక లేబుల్ మీద 18 వోల్టుల దగ్గర, ఐదున్నర ఆంప్స్ అని రాసి ఉండేది, కంట్రోలర్ లేకుండా నేరుగా 12 వోల్టుల బ్యాటరీకి కడితే అది తనంతట తనే 5 ఆంప్స్ స్లో ఛార్జర్ అయిపోద్ది. ఎండ ఎంత కాసినా అంతకు మించి ఇవ్వలేదు, మనకి కావాల్సింది అదే. కాకపోతే ఆపే వాళ్ళు మనమే, మీటర్ పెట్టుకుని పక్కనే ఉండాల, 14.4 వస్తే పీకెయ్యాల. పొద్దుగూకే లోపల తప్పకుండా తీసెయ్యాల, లేకపోతే రాత్రి బ్యాటరీ నుంచే ప్యానెల్‌లోకి కరెంటు లీకవచ్చు. ఒకమాట, ఇప్పుడు ఇళ్ళ మీద పెట్టే 330, 540 వాట్ల పెద్ద ప్యానెల్స్‌తో ఈ పని చెయ్యబాకండి, వాటి ఓపెన్ వోల్టేజ్ 40 పైనే ఉంటది, సల్ఫేట్ పట్టి కరెంటు తీసుకోని బ్యాటరీ మీద ఆ వోల్టేజ్ అంతా వచ్చి పడుద్ది.

12 దాటి నిలబడినాక అసలు ఛార్జింగ్. ఇప్పుడు ఏహెచ్‌లో పదో వంతు దాకా ఇవ్వొచ్చు, 150కి 15 ఆంప్స్, నేనైతే 10 దగ్గరే ఉంచుతా. లెక్క ఇట్టా వేసుకోండి, 150 ఏహెచ్ ఖాళీ, ఛార్జింగ్‌లో ఇరవై శాతం దాకా వృథా పోద్ది, అంటే 180 ఏహెచ్ పంపాల, 10 ఆంప్స్ చొప్పున 18 గంటలు, చివర్లో ఆంప్స్ తగ్గిపోతాయి కాబట్టి ఒక పూట ఇంకా కలుపుకోండి. జనరేటర్‌తో ఇంతసేపు అంటే డీజిల్ కొట్టించలేం, అందుకే జనరేటర్‌తో మొదటి నాలుగైదు గంటలు లాగించి మిగతాది సోలార్‌కి వదిలేస్తే సరిపోద్ది. సోలార్‌తో అయితే మంచి ఎండ ఉన్న మూడు నాలుగు రోజులు పడుద్ది. ఆ రోజుల్లో లోడు వాడబాకండి. పగలు ఎక్కించి రాత్రి ఫ్యాను వేసుకుంటే ఎప్పటికీ సగం దాటదు, సగంలో తిరుగుతా ఉండే బ్యాటరీకి మళ్ళీ సల్ఫేటే పట్టుద్ది. పిల్లలు గొడవ చేస్తే ఛార్జింగ్ లైటు ఒకటి కొని ఇవ్వండి.

14.4 వచ్చినాక ఆగిపోకూడదు, అదే వోల్టేజ్ దగ్గర పట్టి ఉంచాల, ఆంప్స్ తగ్గుతా తగ్గుతా 150 ఏహెచ్‌కి 3 ఆంప్స్ దగ్గరికి వచ్చి గంట రెండు గంటలు అక్కడే నిలబడితే అప్పుడు నిండినట్టు. బ్యాటరీ ఒళ్ళు మీద చెయ్యి పెట్టి చూస్తా ఉండండి, చెయ్యి నిలవనంత వేడి, అంటే 50 డిగ్రీలు వస్తే ఆపేసి చల్లారనిచ్చి మళ్ళీ పెట్టండి. రోహిణీ కార్తెలో రేకుల షెడ్డు కింద అయితే ఛార్జింగ్ లేకుండానే 40 ఉంటది. అప్పుడు 14.4 కూడా ఎక్కువే, 14.1 చాలు. మీ కంట్రోలర్‌కి టెంపరేచర్ సెన్సర్ వైరు ఇచ్చుంటే దాన్ని అట్టపెట్టెలోనే వదిలెయ్యకుండా బ్యాటరీ పక్కకి అతికించండి, ఆ లెక్క అదే చూసుకుంటది.

నిండే టైంలో బుడగలు వస్తాయి, అది హైడ్రోజన్ ఆక్సిజన్. గాలిలో హైడ్రోజన్ నాలుగు శాతం దాటితే చిన్న నిప్పురవ్వకే పేలుద్ది. తలుపులు కిటికీలు తీసి పెట్టండి, మూతలు వదులు చేసి ఉంచండి గానీ పూర్తిగా తియ్యబాకండి, తుంపర లేస్తది. ఆ రూములో బీడీ వద్దు, దేవుడి పటం అక్కడే ఉంటే ఆ రోజుకి దీపం వేరే చోట పెట్టుకోండి. ఛార్జర్ ఆన్‌లో ఉండగా క్లిప్పులు పీకబాకండి, ముందు స్విచ్ ఆఫ్. ఆసిడ్ కంట్లో పడితే పావుగంట ధారగా నీళ్ళు కొట్టి నేరుగా ఆస్పత్రికి పోవాల. కింద గచ్చు మీద పడితే సోడా చల్లితే బుసబుసా పొంగి చల్లారిపోద్ది.

నిండినాక ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్ లెవెల్ చేసుకుని, ఏం కదపకుండా ఒక రాత్రి వదిలేసి పొద్దున్నే వోల్టేజ్, హైడ్రోమీటర్ రెండూ చూడండి. 12.5 దగ్గర నిలబడితే సంతోషం. మన దగ్గర అమ్మే ట్యూబులర్ వాటికి ఫుల్ అయితే 1240 చుట్టుపక్కల ఉండాల, కారు బ్యాటరీ లెక్కలో 1280 రాలేదని దిగులు పడబాకండి. ఆరు సెల్లుల రీడింగులూ చాక్‌పీసుతో బ్యాటరీ మీదే రాసుకోండి. 1240, 1235, 1240, 1190, 1235, 1240 అని వచ్చిందనుకోండి, నాలుగో సెల్లు వెనకబడింది. దానికి ఈక్వలైజ్ (సెల్లులన్నిటినీ సమానం చేసే) ఛార్జింగ్ ఇవ్వాల, ఇన్వర్టర్ వైర్లు విప్పేసి 5 ఆంప్స్ దగ్గర 15.5 నుంచి 16 వోల్టుల దాకా పోనిచ్చి మూడు నాలుగు గంటలు, గంటకోసారి ఆ సెల్లు రీడింగు చూసుకుంటా. రీడింగు ఎదుగుతా ఉంటే కొనసాగించండి, రెండు సార్లు వరసగా ఒకే నంబరు వస్తే ఆపండి, ఇంక దానికి అంతే ఉంది. ఇది నీళ్ళు పోసే బ్యాటరీలకే. మూత తియ్యడానికి లేని ఎస్ఎంఎఫ్, జెల్ వాటికి 14.4 దాటించనే కూడదు, దాటితే లోపల నీళ్ళు గ్యాస్ అయ్యి పోతాయి, తిరిగి పోసే దారి లేదు.

లిథియం వాళ్ళకి రెండు ముక్కలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ టెర్మినల్ మీద సున్నా చూపిస్తే చాలాసార్లు లోపల బీఎంఎస్ (సెల్లుల్ని కాపాడే బోర్డు) డోర్ వేసుకుందని అర్థం, సెల్లుల్లో ఇంకా ఛార్జ్ ఉండొచ్చు. లిథియం మోడ్, అందులో వేకప్ లాంటిది ఉండే ఛార్జర్ పెడితే తెరుచుకుంటది, 100 ఏహెచ్‌కి 5 ఆంప్స్‌తో మొదలుపెట్టండి. ట్రాక్టర్ బ్యాటరీ ట్రిక్కు, ఈక్వలైజ్, పాత నాబ్ ఛార్జర్, ఇవన్నీ దీనికి పనికిరావు. సెల్లు 2 వోల్టుల కన్నా కిందకి పోయి చాలా రోజులు ఉండిపోతే లోపల రాగి కరిగి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది, అట్టాంటిదాన్ని లేపే ప్రయత్నం ఇంట్లో చెయ్యబాకండి, సర్వీసోళ్ళకి ఇచ్చెయ్యండి.

మళ్ళీ ట్యూబులర్‌కి వస్తే, వోల్టేజ్ లేచింది కదా అని నమ్మేసి ఫ్రిజ్జు తగిలించబాకండి. వోల్టేజ్ లేవడం తేలిక, కెపాసిటీ ఎంత మిగిలిందో లోడు పెడితేనే తెలుస్తది. ఒక ఫ్యాను, రెండు మూడు ఎల్ఈడీ బల్బులు కలిపి 90 వాట్లు పెట్టండి, ఇన్వర్టర్ తినేది కూడా కలుపుకుంటే 12 వోల్టుల దగ్గర 9 ఆంప్స్ పోతాయి. మంచి 150 ఏహెచ్ అయితే ఆరు గంటల తర్వాత కూడా లోడు మీద 12కి అటూ ఇటూ ఉంటది. రెండు గంటలకే 11కి వచ్చేస్తే అందులో మిగిలింది పిడికెడు, లైట్లకి వాడుకోండి, కొత్త బ్యాటరీకి డబ్బులు చూసుకోండి. మధ్యస్తంగా వస్తే ఒకసారి మళ్ళీ నింపి, సగం దాకా వాడి, మళ్ళీ నింపి చూడండి, రెండో మూడో సారికి కొంత కెపాసిటీ వెనక్కి వస్తది. టెస్టు పేరుతో 10.5 దాకా మాత్రం దించబాకండి. లేచిన పాత బ్యాటరీని కొత్తదానితో జత చెయ్యడం కూడా వద్దు, ముసలిది పడుచుదాన్ని కూడా తనతో లాక్కుపోద్ది.

ఇంకోసారి అడుగంటకుండా ఉండాలంటే కంట్రోలర్‌లో లో కటాఫ్ 11.5కి, 24 సిస్టం అయితే 23కి పెంచుకోండి, కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఉండే 10.5ని నమ్ముకోబాకండి. తుపాను వార్త రాగానే, మబ్బు రోజుల్లో ప్యానెల్ మామూలు దాంట్లో పదో ఇరవయ్యో శాతమే ఇస్తది అని లెక్కేసుకుని మొదటి రోజు నుంచే లోడు తగ్గించండి, మూడో రోజు తగ్గించి లాభం లేదు. ఇన్వర్టర్ కట్ అయితే స్విచ్ ఆఫ్ చెయ్యడం చాలదు, బ్యాటరీ ఎంసీబీనే దించెయ్యండి, ఆ బోర్డు తాగే కరెంటు కూడా ఆగుద్ది. ఇక ఇందుకూరుపేట, విడవలూరు, కొత్తపట్నం ఇట్టాంటి సముద్రం పక్క ఊళ్ళల్లో టెర్మినల్స్ సంగతి వేరే. ఉప్పు గాలికి వైర్ల కొసన ఉండే లగ్గుల మీద పచ్చగా తెల్లగా బూజు పడుద్ది, ప్యానెల్ ఇచ్చేది బ్యాటరీ దాకా చేరదు, కంట్రోలర్ 14.4 చూపిస్తా ఉంటే బ్యాటరీ మీద నేరుగా పెట్టిన మీటర్ 13.6 అంటది. అది కూడా బ్యాటరీ కొంచెం కొంచెంగా అడుగంటడమే, ఎవరికీ తెలీకుండా. వేడినీళ్ళల్లో సోడా కలిపి పాత బ్రష్షుతో తోమి, తుడిచి ఆరబెట్టి, బిగించినాక పైన వాజిలిన్ రాయండి. లోపల, అంటే లగ్గుకీ టెర్మినల్‌కీ మధ్యన, రాయబాకండి.

లేవని బ్యాటరీని పాత సామాన్ల బండికి వెయ్యకుండా బ్యాటరీ కొట్టులోనే ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వండి, 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం పాతవి వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదారులదే. రేటు సీసం బరువు మీద కడతారు కాబట్టి తూకం మీ ముందే వేయించుకోండి. బరువు తగ్గుద్దనో మొయ్యడం తేలికనో ఆసిడ్ గుంట గట్టు మీద ఒంపేస్తామంటే మాత్రం ఒప్పుకోబాకండి, సీసం కలిసిన ఆ నీళ్ళు వాన పడగానే నేరుగా రొయ్యల్లోకే దిగుతాయి.